ముందు చెప్పు, తర్వాత దాచు

మా మేనల్లుడు సినిమా తీశాడు. 19 నిమిషాల సినిమా. డిగ్రీ చివరి ఏడాదిలో ప్రాజెక్టు కింద తీయవలసినది. ఎడిటింగ్ ఇంకా ముగియకముందే ప్రచారానికి ఒక పట్టిక రాసుకుని మా ఇంటికి వచ్చాడు. ఫస్ట్ లుక్, మోషన్ పోస్టరు, టీజరు, ట్రైలరు, పాత్రల పోస్టర్లు నాలుగు, ఆఖరున విడుదలకు ముందు ఒక వేడుక. ఆ వేడుకకే గంటన్నర కేటాయించాడు.

"పెళ్లికన్నా ఊరేగింపే పెద్దదిగా ఉందిరా" అన్నాను.

"ఇప్పుడందరూ ఇలాగే చేస్తున్నారత్తా" అన్నాడు.

నిజమే, అందరూ ఇలాగే చేస్తున్నారు. నా గొడవ కూడా దానితోనే.

నేను సినిమా మనిషిని కాను. తిరుపతిలో లీలామహల్ సర్కిల్ దగ్గర ఒక ప్రెస్సులో 18 ఏళ్లు డీటీపీ చేశాను. పేజ్‌మేకర్ తెరిచి, అను ఫాంట్లలో శుభలేఖలు, గృహప్రవేశం కార్డులు, ట్యూషన్ సెంటర్ల కరపత్రాలు, పెద్దకర్మ పత్రికలు కొట్టిన చేతులివి. మేనల్లుడు నా దగ్గరికి రావడానికి కారణం నా కళాభిరుచి కాదు. అత్తకు ఫోటోషాప్ వచ్చు, డబ్బులు అడగదు. అంతే.

సినిమా పేరు 'ఎడమ చెప్పు'. గోవిందరాజస్వామి గుడి దగ్గర చెప్పుల స్టాండు నడిపే ఒక పెద్దాయన కథ. ఒక రాత్రి స్టాండు మూసే వేళకు ఒక్క ఎడమ చెప్పు మిగిలిపోతుంది. కుడిది ఎవరు వేసుకెళ్లారు, ఒంటి చెప్పు వదిలేసి ఎవరు వట్టికాళ్లతో బస్సెక్కారు అని ఆయనకు నిద్ర పట్టదు. మర్నాడు ఆ చెప్పును సంచిలో వేసుకుని ఊరంతా తిరుగుతాడు. ఆ పాత్ర వేసింది నిజంగా చెప్పుల స్టాండు నడిపే మనిషే. కెమెరా వైపు చూడవద్దని చెబితే, మొత్తం సినిమాలో ఆయన ఎవరి వైపూ చూడలేదు. అది భలే కుదిరింది.

ఇక వాడు చేసి తెచ్చిన పోస్టరు. కటిక చీకటి. నడుమ వీపు తిప్పి నిలబడిన మనిషి నీడ. చుట్టూ పొగ. పైన నెత్తురు రంగులో ఇంగ్లీషు అక్షరాలతో పేరు, కింద 'త్వరలో' అనే మాట. ఒక మూల రెండు ఆకుల కొమ్మల మధ్య ఏదో చిత్రోత్సవానికి ఎంపికైనట్లు గుర్తు. పెద్దాయన చేతిలో ఉన్నది చెప్పో కొడవలో తెలియదు.

"చూసినవాళ్లు ఏమనుకోవాలి?" అని అడిగాను.

"ఇందులో ఏదో ఉందే అనుకోవాలి. అన్నీ చెప్పేస్తే ఎవరు వస్తారు?"

"ఏమీ చెప్పకపోతే ఎక్కడికి వస్తారు?"

ప్రదర్శన తేదీ అప్పటికే ఖాయమైంది. మూడు వారాల తర్వాత వచ్చే శనివారం సాయంత్రం, కాలేజీ సెమినార్ హాలులో, 120 కుర్చీలు. రోజు తెలుసు, గంట తెలుసు, చోటు తెలుసు. అన్నీ తెలిసినవాడు 'త్వరలో' అని రాయడమేమిటి?

దాచడం అనేది అందరికీ తెలిసినవాళ్లకు చెల్లే వేషం. పేరున్న హీరో ముఖం సగం చూపించి సగం దాచినా, మిగతా సగం జనానికి కంఠతా వచ్చు. పూజ జరిగిన రోజు నుంచే పత్రికలు, టీవీలు రాస్తూ, చూపిస్తూ ఉంటాయి. ఇంత తెలిశాక కాస్త దాస్తే ముద్దుగా ఉంటుంది. మన పిల్లల సినిమా సంగతి అలా కాదు. అది ఉందనే ఎవరికీ తెలియదు. తెలియనిదాన్ని మళ్లీ పొగలో దాచితే మిగిలేది పొగ.

వాడికి కోపం వచ్చింది. నేను పాతకాలపు మనిషినన్నాడు. సరే, పాతకాలం సంగతే చెబుతాను విను అన్నాను.

మా చిన్నప్పుడు సినిమా పోస్టరు 30×40 అంగుళాల కాగితం. మద్రాసులోనో శివకాశిలోనో అచ్చయి కట్టలుగా వచ్చేది. ఆ బొమ్మ వేసినవాళ్లకు తెర మీద విడిగా పేరు పడేది. 1967లో బాపు తొలి చిత్రం 'సాక్షి'తో మొదలుపెట్టిన ఈశ్వర్ పేరు 'పబ్లిసిటీ' అనే మాట పక్కన ఎన్ని సినిమాలలో చదివామో లెక్కలేదు. రాష్ట్రమంతటికీ ఒకే బొమ్మ. దాన్ని మైదా జిగురుతో గోడకు అంటించాక, కింద ఇంకొక సన్నని పట్టీ అతికించేవారు. అది మన ఊళ్లోనే, ఏదో చిన్న ప్రెస్సులో, ఒకే రంగులో, చవక కాగితం మీద అచ్చయ్యేది. థియేటరు పేరు, రోజూ ఎన్ని ఆటలు, ఏ వేళకు. అంతే ఉండేది. బొమ్మ చూసి ఆగిన మనిషి, పట్టీ చదివి కదిలేవాడు.

ఇప్పటి పిల్లలు పైనున్న బొమ్మను మాత్రమే చూసి పెరిగారు. ఫోనులో పట్టీ ఉండదు. టికెట్ల యాప్ ఆ పని చేసిపెడుతుంది. అందుకే వాళ్లు పోస్టరు చేయమంటే పట్టీ లేని పోస్టరు చేస్తారు. కానీ కాలేజీ సెమినార్ హాలుకు యాప్ లేదు. ఆ పట్టీ మళ్లీ అతికించమనే ఇంత గొడవ పెట్టుకున్నాను.

మన ఊళ్లో ప్రచారం సంగతి తెలియనివాళ్లు ఎవరున్నారు గనుక! తాతయ్యగుంట గంగమ్మ జాతర చాటింపుతోనే మొదలవుతుంది. చాటింపు అయ్యాక జాతర ముగిసేదాకా ఊరివాళ్లు పొలిమేర దాటకూడదని ఆచారం. జాతర వచ్చిందని చెప్పి ఊరుకోదు చాటింపు. విన్నవాడు ఏం చేయాలో కూడా అందులోనే ఉంటుంది. ఇక బైరాగి వేషం, బండ వేషం, తోటి వేషం, దొర వేషం అంటూ రోజుకొక రూపం తర్వాత వస్తుంది. ఎన్నేళ్లు చూసినా వేషంలో ఏదో కొత్తదనం ఉంటుంది కానీ, ఏ రోజు ఏ వేషమో అడిగితే చిన్నపిల్లలు కూడా చెబుతారు. ముందే తెలిసిందని జనం మానేశారా?

అక్కడికి వాడు కొంచెం మెత్తబడ్డాడు. అయితే స్థానికత కోసం పోస్టరు చుట్టూ కలంకారీ అంచు వేద్దామన్నాడు. అది ఇంకొక జబ్బు. చిత్తూరు, తిరుపతి వైపు ఏ కార్యక్రమం చేసినా నెమళ్లు, లతలు ఉన్న కలంకారీ అంచు ఒకటి ఇంటర్నెట్ నుంచి దించి నాలుగు వైపులా తగిలిస్తారు. చెప్పుల స్టాండుకూ ఆ నెమలికీ సంబంధం ఏమిటి?

శ్రీకాళహస్తి పనివాళ్లు ఆ గుడ్డను ముందు కరక్కాయ, పాలు కలిపిన నీళ్లలో నానబెడతారు, రంగు పాకిపోకుండా. బెల్లం, తుప్పు ఇనుము కలిపి రోజుల తరబడి పులియబెట్టిన నల్లరంగులో వెదురు కలాన్ని ముంచి గీతలు గీస్తారు. అవన్నీ సరే. గుడికి వేసే పాత పెద్ద తెరలను చూడండి. నడుమ పెద్ద బొమ్మ, చుట్టూ వరసలుగా గళ్లు, గడి గడికీ రామాయణంలో ఒక ఘట్టం, బొమ్మల దగ్గరే తెలుగులో దాని వివరం. ఆ కథ చూసేవాళ్లందరికీ తెలిసినదే, అయినా రాశారు. మనం వాళ్ల దగ్గర తీసుకోవలసింది ఆ రాత అయితే, తీసుకున్నది అంచు.

ఇంత ఉపన్యాసం ఇచ్చాక పని నా మెడకే చుట్టుకుంది.

మొదట ఫోటోలు అడిగాను. లేవు. ఆరు రోజులు చిత్రీకరణ చేసి, పది మంది చేతుల్లో పది ఫోన్లు ఉండి, పోస్టరుకు పనికివచ్చే ఒక్క ఫోటో తీయలేదు. స్నేహితులంతా కెమెరా పక్కన నిలబడి దిగిన సెల్ఫీలు మాత్రం రెండు వందలకు పైగా ఉన్నాయి. వీడియో నుంచి ఒక ఫ్రేము తీసుకుందామన్నాడు. లెక్క వేసి చూపించాను. వాళ్లు తీసింది 1920×1080 పిక్సెళ్లలో. అంగుళానికి 300 చుక్కల లెక్కన అచ్చు వేస్తే అది 6.4 అంగుళాల వెడల్పు, 3.6 అంగుళాల ఎత్తు. పోస్టుకార్డంత. ఎ3 కాగితం నిండాలంటే 3508×4961 కావాలి, అంటే కోటీ 74 లక్షల పిక్సెళ్లు. మన దగ్గర ఉన్నవి 21 లక్షల లోపు. సాగదీస్తే పెద్దాయన ముఖం నీళ్లలో నానిన పాత నోటులా కనిపిస్తుంది. పైగా వీడియోలో కదిలే చెయ్యి ప్రతి ఫ్రేములోనూ కొంత చెదిరే ఉంటుంది. చూసే కంటికి అది కదలిక, కాగితం మీద మాత్రం మరక.

కాబట్టి చిత్రీకరణ జరిగే చోట ఒక మనిషి పని కేవలం ఫోటోలు తీయడమే కావాలి. ఆ మనిషికి కెమెరా సంచులు మోసే పని, టీలు తెచ్చే పని పెట్టకూడదు. సన్నివేశం అయ్యాక నటులను రెండు నిమిషాలు అలాగే కూర్చోబెట్టి, ఒకటి నిలువుగా, ఒకటి అడ్డంగా, పేరు రాయడానికి ఖాళీ వదిలి తీయాలి. పెళ్లి ఫోటోగ్రాఫరుకు తెలిసిన విషయం సినిమా చదువుకునేవాళ్లకు తెలియకపోవడం ఏమిటో!

మళ్లీ గుడి వీధికి వెళ్లాం. వాడి ఆలోచన: ముందు పెద్దగా చెప్పు, వెనక మసకగా గోపురం. తీశాం కూడా. ఫోటోగా చూస్తే నిజంగా బాగుంది, తెల్లవారుజామున వెలుతురు నీలంగా పడింది. ఫ్లెక్సీ షాపులో నమూనా చూపిస్తే అతను కాసేపు తెర వైపు చూసి, "అక్కా, వేయమంటే వేస్తాను. కానీ దీన్ని మన ఊళ్లో ఏ గోడకు కడతారు?" అన్నాడు.

నేను ఆ మాట ముందే అనవలసింది. గోపురానికి సమానంగా చెప్పును నిలబెట్టిన బొమ్మను ఈ ఊళ్లో ఎవరూ కథగా చదవరు. సినిమాలో ఆ పెద్దాయన గుడి వైపు ఒక్కసారి కూడా చెప్పు పట్టుకుని నడవడు. ముందు దాన్ని స్టాండులో పెట్టి, చేతులు కడుక్కుని, అప్పుడు దండం పెడతాడు. సినిమాలో ఉన్న ఆ మర్యాద పోస్టరులో లేదు. మేనల్లుడు ఇది కళాకారుడి స్వేచ్ఛ అని కొంత వాదించాడు. వాదన తప్పని నేను అనను. వివాదం కోసమే సినిమా తీస్తే ఆ పోస్టరు సరైనదే. ఒక చెప్పు యజమాని కోసం వెతికే మనిషి గురించి తీసి, దేవుడితో తగాదా ఉన్నట్లు చూపిస్తే అది అబద్ధపు పోస్టరు. పొగ, నీడ చేసిన అబద్ధమే ఇది కూడా, కాకపోతే ఇంకొంచెం అందంగా చేసింది.

చివరికి మాకు దొరికింది టోకెను. పెద్దాయన స్టాండులో చెప్పులకు ఇచ్చే గుండ్రటి రేకు బిళ్ల, మీద 47 అని చెక్కి ఉంది. వేల చేతులు మారి అంచులు అరిగిపోయాయి. దాన్ని తెల్లకాగితం మీద పెట్టి, కిటికీ పక్కన, ఫోనుతోనే తీశాం. ఈ ఊరికి వచ్చిన ప్రతివాడూ అలాంటి బిళ్ల ఒకసారైనా జేబులో వేసుకున్నవాడే.

అక్షరాల దగ్గర ఒక రోజు పోయింది. వాడి కంప్యూటరులో ఉన్న పాత ఫోటోషాప్‌లో యూనికోడ్ తెలుగు అతికిస్తే వత్తు విడిపోయి 'ఎడమ చెప్‌పు' అని వచ్చింది. వాడు గమనించలేదు! ఇంగ్లీషులో ఒక అక్షరం అటూ ఇటూ జరిగితే గంట సేపు సర్దే పిల్లాడు, తెలుగులో వత్తు ఊడిపోతే చూడలేదు. భారతీయ లిపులకు తగిన టెక్స్ట్ ఇంజన్ ఎంచుకోవాలి, అది సెట్టింగులలో ఎక్కడో అడుగున ఉంటుంది. ఆ సంగతి తెలియకనే ఎంతోమంది పిల్లలు విసిగి, పేరును ఇంగ్లీషులో రాసి వదిలేస్తున్నారని నా అనుమానం. ఫాంట్లు లేవనే సాకు ఇప్పుడు చెల్లదు. రామభద్ర, మల్లన్న, సూరన్న, గిడుగు అంటూ ఉచితంగా, చట్టబద్ధంగా దొరికేవి డజనుకు పైగా ఉన్నాయి. మన కాళహస్తి కవి ధూర్జటి పేరుతో కూడా ఒకటుంది. అన్నీ వేసి చూశాం. ఒకటే చిక్కు: తెలుగుకు పైన గుడులు, కింద వత్తులు ఉంటాయి కాబట్టి వరసల మధ్య ఇంగ్లీషుకన్నా ఎక్కువ చోటు వదలాలి. పొదుపు చేస్తే పై వరుస వత్తు కింది వరుస గుడి మీద కూర్చుంటుంది.

చివరికి ఏ ఫాంటూ వాడలేదు. స్టాండు ముందు రేకు మీద ఎవరో పెయింటరు ఎప్పుడో పసుపు రంగులో 'చెప్పుల స్టాండు' అని రాశాడు. ప్పు కింద వత్తును ఇంత పొడుగ్గా లాగాడు. అందులోని 'చెప్పు' అనే రెండక్షరాలను ఫోటో తీసి తెచ్చుకుని, 'ఎడమ' అనే మాటను వాటికి జోడుగా నేనే గీశాను. 18 ఏళ్ల ఉద్యోగంలో నేను చేయని పని అది. ఆ రోజు కొంచెం గర్వపడ్డాను, చెప్పకపోతే అబద్ధమవుతుంది.

ఆకుల కొమ్మల గుర్తు తీసేయమన్నాను. రుసుము కట్టి పంపితే నెలనెలా ఎవరికో ఒకరికి ఏదో ఒక బిరుదు ఇచ్చే ఆన్‌లైన్ ఉత్సవం అది. కాలేజీ స్నేహితులకు ఆ సంగతి తెలుసు, సినిమా పరిశ్రమలో ఉన్నవాళ్లకు ఇంకా బాగా తెలుసు. ఇంకెవరిని నమ్మించడానికి?

ఇక్కడ వాడు ఒక మాట అన్నాడు, దానికి నా దగ్గర పూర్తి జవాబు లేదు. "అత్తా, నువ్వు హాలుకు వచ్చే వంద మంది గురించి ఆలోచిస్తున్నావు. నేను రేపు హైదరాబాదులో ఉద్యోగం అడిగినప్పుడు ఈ పోస్టరు చూపించాలి. వాళ్లకు శనివారం ఆరు గంటలు అక్కర్లేదు." నిజమే. అందుకు రెండు చేశాం. పట్టీ లేనిది ఒకటి, వాడి భవిష్యత్తు కోసం. పట్టీ ఉన్నది ఒకటి, ఊరి కోసం. కానీ ఆ ఉద్యోగం ఇచ్చేవాడు తెలివైనవాడైతే రెండోదే అడుగుతాడని ఇప్పటికీ నా పట్టుదల.

పట్టీలో ఏమేమి రాయాలో కూర్చుని తేల్చాం. రోజు, తేదీ, సాయంత్రం 6 గంటలు. హాలు ఏ గేటు నుంచి వెళ్తే దగ్గర. ఎవరైనా రావచ్చు, టికెట్టు లేదు. బయటివాళ్లు కాలేజీలోకి అడుగు పెట్టడానికి జంకుతారు కాబట్టి, గేటు దగ్గర పేరు రాస్తే చాలని కూడా రాశాం. సినిమా 19 నిమిషాలు అనే మాట పెద్దగా వేయించాను. చిన్న సినిమాకు అంతకు మించిన ఆకర్షణ లేదు, ఇంట్లో పప్పు పొయ్యి మీద పెట్టి వచ్చినా మాడేలోపు వెళ్లిపోవచ్చు. వివరాలకు వాడి ఫోను నంబరు. నటుల వరసలో పెద్దాయన పేరు మొదట లేదు. 'దర్శకుడు' అనే మాట మాత్రం మూడు చోట్ల ఉంది. రెండు తీసి ఆ చోట ఆయన పేరు వేశాను. దాని గురించి మేనల్లుడు ఏమీ అనలేదు, చెవులు మాత్రం ఎర్రబడ్డాయి.

ఫోన్ల సంగతి త్వరగా చెప్పేస్తాను. వాట్సాప్‌లో మామూలుగా పంపితే బొమ్మ నలుగుతుంది, ప్రెస్సుకు పంపేది డాక్యుమెంటుగానే పంపాలి. స్టేటస్‌కు నిలువు కొలత 1080×1920 వేరుగా చేయాలి. యూట్యూబ్ థంబ్‌నెయిల్‌కు 1280×720, దాని కుడి పక్క కింది మూల నిడివి అంకెలు వచ్చి కూర్చుంటాయి కాబట్టి అక్కడ ఏమీ రాయకూడదు. తెర మీద మెరిసే నీలం అచ్చులో చచ్చిపోతుంది. ఇవి ఎవరైనా చెప్పగలరు.

ఎ3లో 40 కాపీలు వేయించాం. ఫ్లెక్సీ వద్దన్నాను. 2022లో ప్రభుత్వం వాటిని నిషేధిస్తున్నామని ప్రకటించినా ఊళ్లో ఎక్కడ చూసినా అవే, వాటి మధ్య మనది కనిపించదు. గోడలకు అంటించలేదు, అలా అంటించి గోడలు పాడుచేయకూడదని 1997 నాటి చట్టం ఒకటుంది, మున్సిపాలిటీవాళ్లకు గుర్తొచ్చినప్పుడు బయటికి తీస్తారు. హాస్టల్ మెస్సుల్లో, జిరాక్సు షాపుల్లో, గుడి వీధుల టీ అంగళ్లలో అడిగి పెట్టించాం.

మర్నాడు ఉదయం ఏడు గంటలకే ఫోను. నెల్లూరు బస్సులోంచి ఒకాయన. "బాబూ, మా ఆవిడ చెప్పు నిన్న పోయింది. మీ దగ్గర ఉన్నది ఎర్ర పట్టీదేనా?"

సాయంత్రానికి 11 ఫోన్లు. ఎడమ చెప్పు, టోకెను 47, కింద ఫోను నంబరు. గుడి దగ్గర ఆ కాగితం చూసినవాడు ఇంకేమనుకుంటాడు? 'లఘుచిత్రం' అనే మాట ఉంది, కాదనను, పేరు కింద చీమ తలకాయంత ఉంది. అంత చిన్నదిగా పెట్టింది నేనే. పసుపు అక్షరాల అందం చెడుతుందని. వాడిని అన్ని మాటలన్న నేను, ఒకే ఒక్క ముఖ్యమైన మాటను దాచాను. వాడు నవ్వలేదు, అది ఇంకా కష్టంగా ఉంది. ఇద్దరం ఎర్ర మార్కర్లు తీసుకుని స్కూటరు మీద తిరిగి, 40 పోస్టర్ల మీదా చేత్తో 'ఇది సినిమా' అని రాసి వచ్చాం.

శనివారం నాడు హాలులో 90 మందికి పైగా ఉన్నారు. అందులో ఫోను చేసినవాళ్లు ఇద్దరు. పెద్దాయన ముందు వరసలో కూర్చుని, సినిమా అయ్యాక అందరూ చప్పట్లు కొడుతుంటే మా దగ్గరికి వచ్చి, బిళ్ల ఎప్పుడు తిరిగి ఇస్తారని అడిగాడు. దాని జత చెప్పులు పెట్టే గడి వారం రోజులుగా ఖాళీగా ఉందట.

అది జరిగిన నెలకు మదనపల్లె నుంచి ఒకాయన ఫోను చేశాడు. "ఎడమది మీ దగ్గర ఉందని పోస్టరు చూశాను. కుడిది నా దగ్గర ఉంది" అన్నాడు. ఇది సినిమా అండీ అని మేనల్లుడు మర్యాదగా చెప్పాడు. "సినిమా అని రాసి ఉంది, చదివాను. అయినా ఒకసారి చూడండి. గోధుమ రంగు, తొమ్మిదో నంబరు."

సినిమాలోది నల్లది, ఏడో నంబరు. వాడు ఆయనకు లింకు పంపాడు.